మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీలో రెండేళ్లూ నిజంగా ఏం చేస్తారు?

శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ చేయాలని ఉందనీ, డాల్ఫిన్ల మీదో పగడాల మీదో పనిచేయాలన్నది చిన్నప్పటి కోరికనీ, కోర్సులో సముద్రం మీదికి ఎంత తరచుగా తీసుకెళ్తారనీ, స్కూబా నేర్పుతారా అనీ, చదివాక ఉద్యోగం దొరుకుతుందా అనీ అడిగారు. ఇంట్లో మాత్రం బీఈడీ చేయమంటున్నారట. విశాఖ తీరంలో ఇదే చదువు చదివి, సముద్రం అడుగున బురదలో బతికే పురుగుల మీద పీహెచ్‌డీ చేసి, తర్వాత చాలా కాలం ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాక్టికల్స్ దగ్గర నిలబడినవాణ్ని కాబట్టి, కోర్సు బ్రోషర్లలో రాయని సంగతులే ఎక్కువగా చెబుతాను.

ముందు సూటిగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ రెండేళ్లలో మీరు నీళ్ల మీద గడిపే సమయం చాలా తక్కువ. మైక్రోస్కోపు ముందు, బ్యూరెట్టు ముందు, కంప్యూటర్ ముందు గడిపేదే ఎక్కువ. సముద్రం నుంచి తెచ్చిన సీసాలోని జీవిని గుర్తుపట్టడం, దాని పేరు తప్పు లేకుండా చెప్పడం, అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, ఆ లెక్కకు ఒక అర్థం చెప్పడం అనే నాలుగు పనుల చుట్టూనే చదువంతా తిరుగుతుంది. డాల్ఫిన్ల మీద ప్రేమతో చేరినవారిలో కొందరు మొదటి సెమిస్టరు చివరికి నీరసపడిపోతారు. ఇంకొందరు కంటికి సరిగ్గా ఆనని, రొయ్య కుటుంబపు చిన్న జీవి కోపిపాడ్‌ను చూసి, ఇన్నాళ్లూ దీని సంగతి ఎవరూ చెప్పలేదేమిటని ఆశ్చర్యపోతారు. మీరు ఈ రెండో రకం మనిషా కాదా అన్నది చేరకముందే తేల్చుకోవడం మంచిది.

ప్రాక్టికల్ ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. పడవ మీద నుంచి, నీటిలో తేలియాడే చిన్న జీవులను పట్టే ప్లాంక్టన్ వల లాగి, వల చివరి బకెట్టులో చేరిన చిక్కటి నీటిని సీసాలోకి వంపి, బోరాక్స్ కలిపి ఆమ్లగుణం తగ్గించిన ఫార్మలిన్ పోస్తారు. అక్కడితో సముద్రం పని అయిపోతుంది. తర్వాత ల్యాబులో ఆ సీసాలోంచి కొలిచి తీసిన కొంత భాగాన్ని గళ్ల పళ్లెంలో పరిచి, గడి తర్వాత గడి చూస్తూ లెక్కపెట్టాలి. మన తీరపు నమూనాల్లో సాధారణంగా ఎక్కువగా కనబడేవి కోపిపాడ్లే. అకార్షియా, పారాకలానస్, టెమోరా వంటి ప్రజాతుల వరకూ తల ఆకారం, తోక ముళ్లు చూసి కొద్ది వారాల్లోనే చెప్పగలుగుతారు. అక్కడి నుంచి జాతి దాకా వెళ్లడమే కష్టం. అందుకు చాలాసార్లు అయిదో జత కాళ్లు చూడాలి. ఆ జీవి మొత్తం పొడవే దాదాపు ఒక మిల్లీమీటరు. దాన్ని గ్లిజరిన్ చుక్కలో వెల్లకిలా పడుకోబెట్టి, సన్నటి సూదులు రెండు పట్టుకుని ఆ కాళ్ల జతను విడదీసి, కవర్ స్లిప్ కింద పెట్టి, పుస్తకంలోని బొమ్మతో పోల్చుకోవాలి. మగదానికీ ఆడదానికీ ఆ కాళ్లు వేరుగా ఉంటాయి కాబట్టి ఆ సంగతి ముందే తేల్చుకోవాలి. ఊపిరి గట్టిగా వదిలినా నమూనా జారిపోతుంది. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రెండు పేర్లు తేల్చిన విద్యార్థి మొహంలో కనబడే తృప్తి మాత్రం నాకు చాలా ఇష్టం.

అడుగు బురదలోని జీవుల పని ఇంకో రకం. గ్రాబు అనే ఇనుప దవడల పనిముట్టుతో తీసిన బురదను 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో పోసి, సముద్రపు నీటితోనే మెల్లగా కడగాలి. ధార గట్టిగా పడితే పురుగులు ముక్కలైపోతాయి, తల లేని పురుగుకు పేరు పెట్టలేం. జల్లెడలో మిగిలినదానికి రోజ్ బెంగాల్ రంగు వేస్తే జీవులు గులాబీ రంగులోకి మారి, గవ్వపెంకుల మధ్య తేలిగ్గా కనబడతాయి. ఆ తర్వాత ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే ఏరి, పాలికీట్లు అనే బురద పురుగుల వెంట్రుకల ఆకారం చూసి కుటుంబాలుగా విడదీయాలి. వీపు నొప్పి ఈ శాస్త్రంలో వృత్తిరోగం. మంచి కుర్చీ ఉన్న ల్యాబు దొరికితే అదృష్టమే.

ఇంత శ్రమపడి పేర్లు తేల్చడం దేనికని ప్రతి బ్యాచిలోనూ ఒకరు అడుగుతారు. జీవి డీఎన్‌ఏ ముక్కను బట్టి జాతి చెప్పే డీఎన్‌ఏ బార్‌కోడింగ్ వచ్చాక ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినబడుతోంది. నేను చెప్పే ఉదాహరణ విశాఖ హార్బరుదే. 1967 ప్రాంతంలో అక్కడి గోడలకూ పడవల అడుగులకూ పట్టిన ఆల్చిప్పల్లో ఒకటి మన తీరానిది కాదని ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు గుర్తించారు. మైటిలాప్సిస్ సల్లీ అని ఇప్పుడు పిలిచే ఆ చిన్న ఆల్చిప్ప కరీబియన్ ప్రాంతానిది. ఓడల వెంట వచ్చి చేరింది. మన దేశంలో దాని తొలి నమోదు అదే. తర్వాత అది ముంబయిలో కనబడింది, ఇటీవలి సంవత్సరాల్లో తమిళనాడు, కేరళ ఉప్పుటేర్లలోకి కూడా పాకింది. ఇదే జీవి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ మెరీనాల్లో, అంటే చిన్న పడవల రేవుల్లో, కనబడినప్పుడు, వెంటనే గుర్తుపట్టగలిగారు కాబట్టి ఆ మెరీనాల గేట్లు మూసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి పూర్తిగా నిర్మూలించారు. వాళ్లవి తలుపులు వేసి బంధించగల చిన్న మెరీనాలు, మనది పెద్ద ఓడరేవు, కాబట్టి అదే పని ఇక్కడ సాధ్యమయ్యేదని నేను అనను. కానీ కొత్తగా వచ్చినదాన్ని కొత్తదని చెప్పగల మనిషి తీరంలో ఉండాలన్నది మాత్రం నిజం. బార్‌కోడింగ్‌కు కూడా పోల్చి చూడటానికి, ఎవరో ఒకరు సరిగ్గా పేరు పెట్టి భద్రపరచిన నమూనా కావాల్సిందే. పాతతరం గుర్తింపు నిపుణులు రిటైరవుతున్నారు, వారి స్థానంలో వస్తున్నవారు తక్కువ. పాలికీట్లలోనో కోపిపాడ్లలోనో ఏదో ఒక వర్గం మీద గట్టి పట్టు సంపాదించిన విద్యార్థికి పని లేకుండా పోవడం నేను చూడలేదు.

కెమిస్ట్రీ ఇంటర్‌తోనే వదిలిపోయిందనుకుంటే పొరపాటు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతిని మీరు కళ్లు మూసుకుని చేయగలిగేదాకా చేయిస్తారు. బుడగ లేకుండా సీసా నింపి, పడవ మీదే మాంగనస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్ వేసి మూత బిగిస్తే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. మురుగు చేరే కాలువ దగ్గర నింపిన సీసా, బయటి సముద్రంలో నింపిన సీసా పక్కపక్కన పెడితే టైట్రేషన్ చేయకముందే సంగతి తెలిసిపోతుంది. లవణీయత సంగతీ అంతే. గోదావరి, మహానది, గంగ నీళ్లన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతంలో, వానలు వెనకపట్టిన అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ దగ్గర పైనీటి లవణీయత (కిలో నీటిలో ఉండే ఉప్పు, గ్రాముల్లో) 30 కంటే కిందికి పడిపోతుంది, వేసవిలో 34 దాకా పెరుగుతుంది. పాఠ్యపుస్తకంలో 35 అని చదివి వచ్చిన విద్యార్థి, తన బ్యూరెట్టు రీడింగే తప్పనుకుని మళ్లీ మళ్లీ చేస్తుంటాడు. మన సముద్రానికి దాని లెక్క దానికుంది.

ఇక ఫీల్డు. మీ దగ్గరి తీరంలో రాళ్ల మీద జీవుల అధ్యయనమైతే ఆటుపోట్ల పట్టికే మీ టైమ్‌టేబుల్. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తగ్గుతుంది కాబట్టి ప్రాక్టికల్ ఆ రోజుల్లోనే పెడతారు. అది ఆదివారమైనా, తెల్లవారుజామైనా వెళ్లాల్సిందే. చేపల మీద డిసర్టేషన్ (చివరి సెమిస్టరు పరిశోధన వ్యాసం) తీసుకుంటే చీకటితోనే ఫిషింగ్ హార్బరుకు చేరుకోవాలి. వేలంపాట పాడే మహిళలు, ఐసు కొట్టేవారు, వలలు సర్దేవారు మీకు మొదటి గురువులు అవుతారు. వంజరం, చందువ, కవళ్లు, కానాగంతలు వంటి పేర్లు వారి నోటి నుంచే నేర్చుకోవాలి. ఒకే పేరుతో అమ్ముడయ్యే బుట్టలో రెండు మూడు జాతులు కలిసి ఉండటం మామూలే, వాటిని విడదీసే గుర్తులు వారిలో చాలామందికి తెలుసు కూడా. వ్యాపారం జోరుగా ఉన్న వేళ స్కేలు పట్టుకుని అడ్డం నిలబడకుండా, సరుకు లారీ ఎక్కేలోపు కొలతలు తీసుకునే నేర్పు ఏ ప్రొఫెసరూ నేర్పలేరు.

ఇక్కడే ఒక ఆచరణాత్మక విషయం చెప్పాలి, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు దీనివల్ల ఇబ్బందిపడతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. డిసర్టేషన్ సాధారణంగా నాలుగో సెమిస్టరులో, అంటే డిసెంబరు, జనవరిలో మొదలవుతుంది. ట్రాలర్ల సరుకు మీద ఆధారపడిన అంశమైతే మీ చేతిలో నిజంగా ఉండేది మూడున్నర నెలలు. ఆ వ్యవధిలో చేప ఎదుగుదల మీదో సంతానోత్పత్తి కాలం మీదో ఏడాది పొడవునా చేయాల్సిన అంశం పెట్టుకుంటే అసంపూర్తి పనే మిగులుతుంది. మూడో సెమిస్టరు మొదట్లోనే గైడుతో మాట్లాడి నమూనాలు సేకరించడం మొదలుపెట్టినవారు ప్రశాంతంగా రాసుకుంటారు. మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. పగడాలు, సముద్రపు దోసకాయలు, సముద్రపు గుర్రాలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి చేరాయి, సముద్రపు క్షీరదాలకూ తాబేళ్లకూ కూడా అదే రక్షణ ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడపు ముక్కనైనా అనుమతి లేకుండా ల్యాబుకు తెచ్చుకోవడం కుదరదు. పరిశోధన పేరు చెబితే సరిపోదు, అటవీశాఖ కాగితం ఉండాలి, అది రావడానికి నెలలు పట్టవచ్చు. ఎమ్మెస్సీ స్థాయిలో డిసర్టేషన్లు ఎక్కువగా ప్లాంక్టన్, బురద జీవులు, వాణిజ్య చేపలు, మడ అడవుల పీతలు, నత్తల మీద ఉండటానికి ఇదీ ఒక కారణం.

స్కూబా కోర్సులో భాగం కాదు. సొంత డబ్బుతో, సొంత సెలవుల్లో నేర్చుకోవాలి. విశాఖ దగ్గర నీరు చాలా నెలలు మసకగా ఉంటుంది. పగడాల మీద పనిచేయాలన్న కోరిక గట్టిగా ఉంటే అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖల వైపు చూడాలి. అండమాన్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి సముద్ర అధ్యయనాలు, మెరైన్ బయాలజీ విభాగం ఉంది. అక్కడి విద్యార్థులకు పగడపు దిబ్బలు మనకంటే చాలా దగ్గర. డాల్ఫిన్ల మీద పూర్తికాలం పనిచేసేవారు దేశంలో చాలా కొద్దిమంది. అమెరికా తన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద చేపల దిగుమతులకు షరతులు పెట్టడంతో ఇటీవల మన సంస్థలు కూడా తిమింగలాలు, డాల్ఫిన్ల సర్వేలు చేపట్టాయి కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అయితే ఆ సర్వేలకు కావాల్సింది ఈత కంటే ముందు గణాంకశాస్త్రం.

ఆ గణాంకాలంటేనే బీఎస్సీ జువాలజీ విద్యార్థులు భయపడతారు. నా అనుభవంలో మొదటి రెండు సెమిస్టర్లలో ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. జీవవైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచీ, రెండు చోట్ల జీవులను పోల్చే బ్రే-కర్టిస్ పోలిక, సగటుల మధ్య తేడాను పరీక్షించే అనోవా, చేప ఎదుగుదలకు వాన్ బెర్టలాన్ఫీ సమీకరణం మీ రోజువారీ పనిముట్లు అవుతాయి. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి. సిలబస్‌లో దాని పేరు లేని విశ్వవిద్యాలయాలు ఇంకా ఉన్నాయి, కానీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మాత్రం తప్పకుండా అడుగుతారు.

ఎక్కడ చదవాలన్న ప్రశ్నకు నేను ర్యాంకింగులు చూడను, సముద్రం ఎంత దగ్గర, పడవ ఉందా, పేర్లు గుర్తుపట్టే మనిషి విభాగంలో ఇంకా ఉన్నారా అన్నవే చూస్తాను. 1952లో అమెరికా నుంచి వచ్చిన సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, జువాలజీలో పి.ఎన్. గణపతి వేసిన బాటలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి బంగాళాఖాతం మీద సుదీర్ఘమైన పరిశోధన చరిత్ర ఉంది. విశాఖలో జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ), కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ), కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) ప్రాంతీయ కేంద్రాలు, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం ఉండటం డిసర్టేషన్‌కు పెద్ద సౌకర్యం. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి కూడా ఈ విభాగం ఉంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోకి ఏపీ పీజీసెట్ ద్వారా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోకి సీయూఈటీ పీజీ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. తమిళనాడులో వెల్లార్ నది సముద్రంలో కలిసే చోట పరంగిపేటలో ఉన్న అణ్ణామలై విశ్వవిద్యాలయం కేంద్రాన్ని మాత్రం ఒకసారి చూసి రమ్మంటాను. నదీముఖం, పిచ్చావరం మడ అడవులు రెండూ చేరువలో ఉండటం వల్ల ఉదయం తెచ్చిన నమూనాను మధ్యాహ్నానికే చూడగల వెసులుబాటు అక్కడుంది. కొచ్చిలోని శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం కుసాట్‌కు సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రధాన కార్యాలయం, సాగర్ సంపద అనే పరిశోధక నౌకను నడిపే కేంద్రం ఒకే ఊళ్లో ఉండటం బలం. 1984లో డెన్మార్క్‌లో కట్టిన ఆ నౌక మీద సీటు ఎమ్మెస్సీ విద్యార్థులకు అరుదుగానే దొరుకుతుంది. దొరికినవారు మొదటి రెండు రోజులు కక్కుకుంటూ గడిపినా, ఆ తర్వాత దిగిరావడానికి ఇష్టపడరు.

ఉద్యోగాల విషయంలో మీ ఇంట్లోవారి భయం అర్థం లేనిది కాదు. శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ పేపరు రాయాలి. దానిలో సముద్రం గురించి అడిగేది చాలా స్వల్పం, సెల్ బయాలజీ, మాలిక్యులర్ బయాలజీదే పెద్ద భాగం. అంటే మీరు తరగతిలో చదివేది ఒకటి, నెట్ కోసం చదవాల్సింది మరొకటి. ఆ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం వస్తాయి. పీహెచ్‌డీకి అది నిలదొక్కుకోదగిన మొత్తమే, కాకపోతే విడుదల ఆలస్యమైనప్పుడు రెండు మూడు నెలలు సర్దుకోగలిగేలా ఉండాలి. మత్స్యశాఖ పోస్టుల్లో నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ చదివినవారితో మీరు పోటీ పడాలి, కొన్ని పోస్టులకు ఎమ్మెస్సీ అర్హతే సరిపోకపోవచ్చు. కాబట్టి పాత నోటిఫికేషన్లు తీసి విద్యార్హతల పేరా ముందే చదువుకోండి. ఇంటర్ బైపీసీలో ఉన్న తమ్ముడో చెల్లెలో ఉంటే, ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే ముత్తుకూరు మత్స్య కళాశాల గురించి వారికి ఇప్పుడే చెప్పండి.

ఆంధ్ర తీరంలో మెరైన్ బయాలజీ చదివినవారిని ఎక్కువగా పిలిచేది రొయ్యల రంగమే, దాన్ని చిన్నచూపు చూడకండి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక భోగాపురం నుంచి నెల్లూరు దాకా హ్యాచరీలు వరసకట్టాయి. అక్కడ పని నాప్లియస్, జోయియా, మైసిస్ దశలు దాటి పోస్ట్‌లార్వా దాకా పిల్లను బతికించడం. లార్వాల మేతకు కీటోసిరోస్ అనే డయాటమ్‌ను (సూక్ష్మ నాచును) పెంచడం, ఆర్టీమియా అనే చిన్న జీవుల గుడ్లు పొదిగించడం, అర్ధరాత్రి లేచి ట్యాంకు నీటిని బీకరులో పట్టి దీపం ముందు చూడటం మీ బాధ్యతలు అవుతాయి. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పరీక్షలకు, డీఎన్‌ఏ ద్వారా రోగాన్ని పట్టే పీసీఆర్ ల్యాబులు నడపగలిగితే గిరాకీ ఇంకా ఎక్కువ. సీజన్‌లో సెలవు దొరకదు, లార్వాలు చచ్చిపోతే ఆ బ్యాచి నష్టమంతా మీ తల మీదికి వస్తుంది. వేతనం మొదట్లో తక్కువే, పనితనం తెలిసిన టెక్నీషియనుకు మాత్రం వేగంగా పెరుగుతుంది. ఇది కాకుండా ఓడరేవులు, ఫార్మా పరిశ్రమలు సముద్రంలోకి వదిలే నీటి ప్రభావాన్ని అంచనా వేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి. వారికి కావాల్సింది సరిగ్గా మీరు ల్యాబులో నేర్చిన పనే: ప్లాంక్టన్, బురద జీవుల జాబితా, లెక్క. డబ్బిచ్చేవాడికి నచ్చే జాబితా రాయమని ఒత్తిడి వచ్చే చోటు కూడా అదే. ఆ ఒత్తిడిని తట్టుకోలేమనుకుంటే ఆ దారి పట్టకపోవడం మేలు.

బీఈడీ చేయాలా వద్దా అన్నది నేను చెప్పదగింది కాదు, కాకపోతే రెండూ పరస్పరం అడ్డం కావు. ఎమ్మెస్సీ తర్వాత బీఈడీ చేసి జూనియర్ కళాశాలల్లో, పాఠశాలల్లో స్థిరపడినవారు మా విద్యార్థుల్లో చాలామందే ఉన్నారు. నిర్ణయించుకునే ముందు మీకు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. జనవరి నుంచి మార్చి వరకు శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు రాత్రిపూట గస్తీ తిరిగి ఆ గుడ్లను కంచె వేసిన చోటికి మారుస్తాయి. అలాంటి బృందంతో వారం రోజులు నడిచి, గుడ్లు లెక్కపెట్టి, తేదీలు, ఇసుక ఉష్ణోగ్రత పుస్తకంలో రాసి చూడండి. నడక కంటే ఆ రాతలోనే మీకు ఆసక్తి ఎక్కువ కలిగితే పీజీసెట్ దరఖాస్తు నింపండి. కలగకపోతే సముద్రాన్ని సెలవుల్లో చూసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. చేరాలనుకుంటే మాత్రం, సీటు ఖరారు చేసుకునే ముందు ఆ విభాగానికి ఒకసారి వెళ్లి, గత ఏడాది విద్యార్థుల డిసర్టేషన్ల శీర్షికలు చూపించమని అడగండి. వాటిలో సగం గ్రంథాలయంలో కూర్చుని రాయగలిగినవైతే వేరే విశ్వవిద్యాలయం చూసుకోండి.